ఆరో నెల కాగితం

జపాన్ పడమటి తీరాన ఉన్న ఆ జిల్లాలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆరో నెల వచ్చేసరికి ఆ బిడ్డ ఉచ్చ ఇసొగాయ్ మిత్సుయో చేతికి చేరేది. తల్లులు డైపర్‌లో చిన్న వడపోత కాగితం ఉంచి, తడిశాక నీడలో ఆరబెట్టి, కవరులో పెట్టి పోస్టు చేసేవారు. జిల్లా ఆరోగ్య పరీక్షా కేంద్రం రెండో అంతస్తులో మిత్సుయో వాటిని విప్పి, ముక్క కత్తిరించి, నానబెట్టి, ఆ నీటిని యంత్రానికి ఎక్కించేది. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఆమెకు యాభై మూడేళ్ళు నిండాయి. పెళ్ళి చేసుకోలేదు.

"ఈవిడకి పిల్లల మొహం చూపిస్తే గుర్తుపట్టదు గానీ, ఉచ్చ చూపిస్తే ఇంటిపేరుతో సహా చెప్తుంది" అని పై అధికారి నొజుయె కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర నవ్వేవాడు.

"మీది కూడా ఓ కాయితం పంపండి సార్, మీ సంగతీ చెప్తాను" అనేది మిత్సుయో.

నవ్వులాటకు ఏమన్నా, ఆ పని మీద ఆమెకు గురి ఉండేది. కొందరు పసిపిల్లల్లో కిడ్నీ పైనుండే గ్రంథిలోనో, వెన్నెముక పక్కనో ఒక గడ్డ పెరుగుతుంది. అది ఒక రకం హార్మోన్లను కక్కుతుంది. అవి విరిగి ఉచ్చలో దిగుతాయి. పైకి బిడ్డ బొద్దుగా, నవ్వుతూ ఉంటుంది. కడుపు ఉబ్బి, కళ్ళు నల్లబడి, తల్లిదండ్రులు కనిపెట్టేసరికి చేయి దాటిపోతుంది. అందుకే ముందే పట్టుకోవాలని దేశమంతా ఈ పరీక్ష పెట్టారు. యంత్రం చూపే అంకె పదిహేను లోపుంటే భయం లేదు. దాటితే ఇంకో కాగితం తెప్పించాలి. చాలాసార్లు ఆ బిడ్డ ముందురోజు అరటిపండో, వెనిల్లా పాయసమో తిని ఉంటుంది, రెండో కాగితంలో అంకె దిగిపోతుంది. దిగకపోతే పెద్దాసుపత్రికి పంపాలి.

పందొమ్మిదేళ్ళలో అలా ముప్ఫై తొమ్మిదిమంది దొరికారు. అందరి పేర్లూ మిత్సుయోకు నోటికి వచ్చు. వాళ్ళలో ఎక్కువగా గుర్తొచ్చే పేరు కురమోచి హయాతొ.

పన్నెండేళ్ళ కిందట, రెండో కాగితం పంపమని ఉత్తరం రాస్తే, హయాతొ తల్లి షినొబు పోస్టును నమ్మలేదు. కాగితాన్ని జేబురుమాలులో చుట్టి, రొమ్ముకు ఆనించి పట్టుకుని, రెండు రైళ్ళు మారి నేరుగా వచ్చేసింది. అప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్ళు. కురొహామా అనే ఊళ్ళో భర్తతో కలిసి లాండ్రీ కొట్టు నడుపుతోంది. యంత్రం తిరుగుతున్నంతసేపూ వరండాలో నిలబడే ఉంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. అంకె ముప్ఫై ఒకటి. ఫలితాలు తల్లిదండ్రులకు నోటితో చెప్పకూడదన్నది నియమం. ఆ మొహం చూసి మిత్సుయో నియమం తప్పింది.

"తొందరగా దొరికిందమ్మా. అదే మీ అదృష్టం" అంది.

ఆసుపత్రిలో గడ్డను కోసి తీశారు. గడ్డకు అతుక్కున్న ఎడమ కిడ్నీ కూడా పోయింది. తర్వాత నెలల తరబడి మందులు ఎక్కించారు. మందులకు ఒంట్లో సత్తువ పోయి, ఊపిరితిత్తులకు చీము పట్టి, పద్నాలుగో నెలలో హయాతొ చనిపోయాడు.

ఆ ఏడు డిసెంబరులో షినొబు ఎండబెట్టిన పెర్సిమన్ పండ్లు అట్టపెట్టెలో పట్టుకుని వచ్చింది. మిత్సుయో లేచి కుర్చీ చూపించింది. షినొబు అంది: "మీరు చూడకపోయుంటే వాడు మాకు తెలీకుండానే పోయేవాడక్కా. చేయాల్సిందంతా చేశాం. ఆ ఒక్క మాటే నన్ను నిలబెడుతోంది." అప్పట్నుంచీ ప్రతి డిసెంబరూ వచ్చింది. ఒకళ్ళనొకళ్ళు ఎక్కువేమీ అడిగేవారు కాదు. టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడుకుని, షినొబు రైలెక్కేది.

కొహారు అనే పిల్ల కాగితం పోయిన ఏడాది అక్టోబరులో వచ్చింది. అంకె ముప్ఫై నాలుగు. రెండోసారి చూసినా అంతే. పెద్దాసుపత్రికి పంపారు. వారం తర్వాత నొజుయె ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మిత్సుయో గారూ, ఆ పిల్లకి ఆపరేషన్ చెయ్యరట."

"అంటే? అంత ముదిరిపోయిందా?"

"కాదు. చిన్నదే. కొత్తగా వచ్చిన డాక్టరు కొన్నాళ్ళు చూద్దామంటున్నాడు. నెలనెలా ఉచ్చ మనకి పంపుతారు, వాళ్ళు స్కానింగ్ చేసుకుంటారు. గడ్డ దానంతటదే కరిగిపోవచ్చట."

"కరిగిపోవడమేంటి సార్, ఐసుగడ్డా? మనం ఆర్నెల్లకే పట్టిచ్చింది వాళ్ళు చేతులు ముడుచుక్కూర్చోడానికా?"

"నా మీద అరవకండి. మిగతా జిల్లాల్లో కూడా చూస్తున్నారట. పిల్లలు బాగానే ఉన్నారట."

"ఆ పిల్లకేమన్నా అయితే? ఆ తల్లికి వాళ్ళు ఏం చెప్తారు?"

నొజుయె కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎటూ తోచనప్పుడు అది అతని అలవాటు.

నవంబరులో అంకె ముప్ఫై ఆరయింది. మిత్సుయోకు కోపం ఆగలేదు. ఆసుపత్రికి ఫోను చేసి, ఇంకా ఎన్నాళ్ళు చూస్తారని అడిగేసింది. డాక్టరు ఓపిగ్గానే మాట్లాడాడు: స్కానింగులో గడ్డ పెరగలేదు, ఇంకొక్క నెల ఆగుదాం. డిసెంబరులో ఇరవై తొమ్మిది. జనవరిలో ఇరవై నాలుగు. కవరుతో పాటు తల్లి చిన్న చీటీ కూడా పెట్టింది: "రెండు పళ్ళొచ్చాయి. నా వేలు కొరుకుతోంది. దయచేసి జాగ్రత్తగా చూడండి." మార్చిలో పదిహేడు. మే నెలలో పదమూడు.

పదమూడు చూసిన రోజు మిత్సుయో సంతోషంతో అరిచినంత పని చేసింది. నొజుయెని పిలిచి చూపించింది. అతను "అబ్బ!" అని ఆమె వీపు తట్టి వెళ్ళాడు. అతను తలుపు మూసిన తర్వాత ఆమెకు ఇంకో అంకె గుర్తొచ్చింది. లేచి వెళ్ళి అల్మారాలో కింది అరలోంచి పాత రిజిస్టరు తీసింది. చూడకపోయినా ఆ అంకె ఆమెకు తెలుసు. అయినా వేలు పెట్టి చూసింది. హయాతొ, ముప్ఫై ఒకటి. కొహారు కంటే తక్కువ. ఆ పక్కనే ఆసుపత్రి పంపిన నివేదిక అంటించి ఉంది. గడ్డ చిన్నది, ఎక్కడికీ పాకలేదు, సూక్ష్మదర్శినిలో మంచి రకం అని తేలింది. అప్పట్లో ఆ మాటలు చదివి, ఇంత మంచి రకమై ఉండి కూడా దక్కలేదే అని ఏడ్చింది. ఇప్పుడు అవే మాటలు ఇంకోలా కనిపించాయి.

ఆగస్టులో వార్త వచ్చింది. ఈ పరీక్షను దేశమంతటా ఆపేయాలని నిపుణుల సంఘం చెప్పింది. పరీక్షలో దొరికే గడ్డల్లో చాలావరకు వాటంతటవే పోయేవి. నిజంగా ప్రాణం తీసే రకం ఇంకా పెద్దయ్యాక వస్తుంది, ఈ పరీక్షకు సాధారణంగా దొరకదు. ఇన్నేళ్ళు చూసినా ఆ జబ్బుతో చనిపోయే పిల్లల సంఖ్య తగ్గినట్టు గట్టిగా తేలలేదు. పైగా చికిత్స వల్ల కొందరు దెబ్బతిన్నారు, కొందరు చనిపోయారు. పత్రికలో మూడో పేజీలో రెండు కాలమ్‌ల వార్త.

మిత్సుయో ఆ పేజీ మడిచి సంచిలో పెట్టుకుంది. షినొబు చదివి ఉంటుందా అన్నది ఒక్కటే ఆలోచన. ఫోను చేయాలని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేసింది.

ఆ మరుసటి మంగళవారం మధ్యాహ్నం షినొబే వచ్చింది. చేతిలో ఏమీ లేదు. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. బార్లీ టీ పోసిస్తే ముట్టుకోలేదు.

"అక్కా, పేపర్లో చూశాను. ఒక్కటే అడుగుతాను, దాచకుండా చెప్పు. మా వాడిది దానంతటదే పోయే రకమా?"

మిత్సుయో రిజిస్టరు బల్ల మీదే ఉంది. మే నెల నుంచీ దాన్ని అల్మారాలో పెట్టలేదు.

"ఖాయంగా ఎవరూ చెప్పలేరు."

"అది డాక్టర్లు చెప్పే మాట. నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

"పోయే రకమే అనుకుంటున్నాను" అంది మిత్సుయో. "ఇప్పుడో పిల్ల ఉంది. పేరు చెప్పకూడదు. మీ వాడికంటే ఎక్కువ అంకె. కొయ్యకుండా ఆగారు. దిగిపోయింది."

షినొబు ఆ రిజిస్టరు అట్ట కేసి చూసింది. తర్వాత మెల్లగా అంది: "అదృష్టం అన్నావు ఆవేళ."

"అన్నాను."

"ఇవాళైతే అంటావా?"

"అనను."

"నేను నీకు పండ్లు మోసుకొచ్చాను కదక్కా. పన్నెండేళ్ళు. తినేటప్పుడు ఒక్కసారైనా నీకు..." ఆమె ఆగిపోయింది. "లేదులే. నీకూ తెలీదు. తెలిస్తే తినేదానివి కాదు."

మిత్సుయో లేచి రెండు చేతులూ తొడల మీద ఆనించి క్షమాపణగా నడుం వంచింది.

"లే లే, అది నాకెందుకు" అంది షినొబు విసుగ్గా. "నేనొచ్చింది నిన్ను వంచడానిక్కాదు. మా ఆయన సంగతి నీకు చెప్పలేదు కదూ ఎప్పుడూ?"

అప్పుడు చెప్పింది. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాల్సిన రోజు భర్త కాంజి పెట్టనన్నాడు. పిల్లాడు పాలు తాగుతున్నాడు, నవ్వుతున్నాడు, వీడికి కత్తి ఎందుకు, కొన్నాళ్ళు ఆగుదామన్నాడు. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ షినొబు అతని మీద విరుచుకుపడింది. "నీకు కొడుకు కంటే నీ భయమే ఎక్కువా? నువ్వసలు మగాడివేనా?" అంది. కాంజి మొహం కందిపోయింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

"వాడు పోయాక ఒక్క మాట అనలేదక్కా. నేను చెప్పానా లేదా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే పడేదాన్ని. ఇప్పుడు ఆయన మాటే నిజమైంది. ఆ పేపర్ని బట్టల మూట కింద దాచాను. ఎలా చెప్పను? చెప్పకుండా ఎలా ఆయన పక్కన కూర్చుని తినను?"

"నేను చెప్తాను" అంది మిత్సుయో. ఆ మాట తనే అన్నదా అని తనకే ఆశ్చర్యమేసింది.

నొజుయెకి చెప్పి, మధ్యాహ్నం సెలవు పెట్టి, షినొబుతో కలిసి రైలెక్కింది. దారిపొడుగునా సముద్రం ఎడంపక్క తెల్లగా మెరుస్తోంది.

కొట్టులో ఆవిరి నిండిపోయి ఉంది. కాంజి బనీను వేసుకుని స్కూలు చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. భారీ మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మిత్సుయోని ఎప్పుడూ చూడలేదు గానీ పేరు చెప్పగానే తల వంచాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. అంకెలు చెప్పింది, గడ్డ రకం చెప్పింది, కొయ్యకుండా ఆగిన పిల్ల గురించి చెప్పింది. అతను ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి విన్నాడు.

"కాబట్టి ఆవేళ మీరన్న మాటే సరైంది" అంది చివర్న.

"నాకేం తెలుసని సరైంది?" అన్నాడు కాంజి. గొంతు పెద్దది కాలేదు. "నాకు కత్తంటే భయం. అంతే. ఈవిడ అన్నది నిజమే. వాడిది చెడ్డ రకమై ఉంటే? నా మాట విని ఆగి, వాడు పోయుంటే? అప్పుడు కూడా నేనదే మాట అనేవాణ్ణి కదా. తెలీకుండా అన్న మాట సరైనదెలా అవుతుంది?"

షినొబు తలుపు దగ్గరే నిలబడి ఏడుస్తోంది. అతను ఆమె వంక చూడలేదు.

"మీరు క్షమాపణ అడగడానికొచ్చారా?"

"అడిగే అర్హత లేదు."

"అడక్కండి. నా దగ్గర లేదది. ఉంటే ఇచ్చేసేవాణ్ణే." అతను చొక్కా కాలరు సర్దాడు. "మా వాడి లాంటివాళ్ళు ఎందరు?"

"దొరికింది ముప్ఫై తొమ్మిది. కోసింది ముప్ఫై ఆరు. చికిత్స వల్ల పోయింది ఇద్దరు."

"ఆ రెండోవాళ్ళకి చెప్పారా?"

"లేదు."

"మాకు చెప్పారు కదా. మరి వాళ్ళకి?" అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. అది ఆజ్ఞలా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. మిత్సుయో వంగి దండం పెట్టి బయటికి వచ్చేసింది.

ఆ డిసెంబరులో షినొబు రాలేదు. పండ్లూ రాలేదు. కొత్త సంవత్సరం వెళ్ళిన రెండో వారంలో ఆఫీసుకు కాంజి ఫోను చేశాడు.

"బతికే ఉన్నాం. అదే చెబుదామని."

"షినొబు గారు ఎలా ఉన్నారు?"

"మాట్లాడుతోందండీ. పన్నెండేళ్ళు ఇల్లంతా పిల్లిలా తిరిగింది. ఇప్పుడు గిన్నెలు పగలగొడుతోంది, తిడుతోంది, వాడి మాట ఎత్తుతోంది. మొన్న నేనూ తిట్టాను. ఇది బాగుపడ్డమో పాడైపోవడమో నాకు తెలీట్లేదు. అవునూ, ఆ రెండోవాళ్ళింటికి వెళ్ళారా?"

"వెళ్ళలేదు" అంది మిత్సుయో సిగ్గుతో.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వెళ్ళింది. కొండ పక్కనున్న పల్లె. ఆ పాప పేరు మకియె, ఎనిమిదేళ్ళ కిందట ఆపరేషన్ బల్ల మీదే రక్తస్రావమై చనిపోయింది. ఇంటి పెరట్లో అమ్మమ్మ మంచు తవ్వి, కింద దాచిన ముల్లంగి దుంపలు పైకి తీస్తోంది. డెబ్భై దాటి ఉంటాయి. మిత్సుయో ఎవరో చెప్పగానే ఆమె పార పక్కన పెట్టేసి గేటు దాకా వచ్చింది. లోపలికి రమ్మనలేదు.

"నేనూ పేపరు చదువుతానమ్మా. ఎందుకొచ్చావో తెలిసింది."

"మీ అమ్మాయి గారు..."

"లోపలుంది. ముగ్గురు పిల్లలకీ అన్నం పెడుతోంది. వినపడుతోందిగా ఆ గోల?" లోపల్నుంచి పిల్లల కేకలు, ఎవరో బల్ల మీద గరిటెతో కొడుతున్న చప్పుడు. "దానికి పేపరు చదివే తీరిక లేదు. నీ పరీక్ష దానికో మేలు చేసింది తెలుసా? వేళకి పట్టుకున్నాం, చేతనైనంతా చేశాం అనుకుంటోంది. తనని తాను తిట్టుకోలేదు. అది కూడా లాగేసుకుంటావా?"

"నిజం తెలుసుకునే హక్కు ఆవిడకి ఉంది కదండీ."

"ఉంది. ఎవరు కాదన్నారు?" ముసలామె గొంతు తగ్గించింది. "చెప్పాక రాత్రి దాని పక్కన పడుకునేది నేను. నువ్వు ఆరు గంటల బస్సెక్కి వెళ్ళిపోతావు. చెప్పదలిస్తే చెప్పు. గేటు తీసే ఉంది."

గేటు తీసే ఉంది. మిత్సుయో చెయ్యి దాని మీద పెట్టింది. లోపల ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. మకియె తల్లి గొంతు అదేనేమో. ఆమెను మిత్సుయో ఎన్నడూ చూడలేదు. ఉత్తరాలే రాసింది.

"వస్తానండీ" అని చెయ్యి తీసి వెనక్కి తిరిగింది.

ముసలామె వెళ్ళి పార అందుకుంది.

మార్చి ఆఖర్న పరీక్ష ఆగిపోయింది. కొహారు గడ్డ స్కానింగులో మచ్చంత కూడా కనిపించడం లేదని ఆసుపత్రి నుంచి నివేదిక వచ్చింది. దాన్ని మిత్సుయో రిజిస్టరులో అంటించింది. ఏప్రిల్ నుంచి ఆమెను కింది అంతస్తులో బావినీళ్ళు పరీక్షించే విభాగానికి మార్చారు. వెళ్ళే ముందు నొజుయె దగ్గర కూర్చుని, ఆపరేషన్ అయి బతికున్న పిల్లల జాబితా తయారుచేయించింది. ఒక్క కిడ్నీతో పెరుగుతున్నవాళ్ళు పదకొండుమంది తేలారు. వాళ్ళను ఏటా పిలిపించి చూడమని ఆసుపత్రికి రాయించింది. ఇందుకు మాత్రం నొజుయె కళ్ళజోడు తుడుచుకోకుండా వెంటనే సంతకం పెట్టాడు.

మకియె తల్లికి ఆ తర్వాత మూడుసార్లు ఉత్తరం రాసింది మిత్సుయో. మూడూ సొరుగులోనే ఉన్నాయి. కాంజి అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. ఆ రెండోవాళ్ళకి చెప్పారా అని ఇప్పుడు అడగడం మానేశాడు. అతను అడిగితే బాగుండునని ఆమెకు అనిపిస్తుంది, అడిగితే ఏం చెప్పాలో తెలియకపోయినా.